మెలిస్సా 300, మొంథా 100: మరి మన చేలెందుకు మునిగాయి?

రాజోలు_అబ్బాయి:
అందరికీ నమస్కారం. 2025 అక్టోబరు 28 రాత్రి మన అంతర్వేది దగ్గర మొంథా తీరం దాటింది. మన టైము ప్రకారం అదే రాత్రి అటు జమైకాలో మెలిస్సా అనే హరికేన్ (అటువైపు తుపానుని అలా అంటారు) తీరం దాటింది. మెలిస్సా గాలి గంటకు దాదాపు 300 కిలోమీటర్లు. మొంథాది 90 నుంచి 100, విసురుగా వచ్చినప్పుడు 110. మర్నాడు హైదరాబాదు ఆఫీసులో ఒకడు "మీ తుపాను తుస్సుమందంట కదా" అన్నాడు. అప్పుడే నాన్న ఫోన్. చేను పడుకుంది, కరెంటు లేదు, వీధిలో మోకాలి లోతు నీళ్ళు.

నా డౌట్లు రెండు. అది 300కి ఎలా వెళ్ళింది, మనది 100 దగ్గరే ఎందుకు ఆగింది? 100కే మనకింత నష్టం ఎందుకు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డులు వద్దు ప్లీజ్.

కాకినాడ_కాజా:
తుస్సుమంది అన్నవాణ్ణి ఒక్క రాత్రి కరెంటు లేకుండా మా సందులో పడుకోబెట్టండి. గాలి సంగతి దేవుడెరుగు, దోమలే కేటగిరీ ఫైవ్.

రిటైర్డ్_ఫిజిక్స్:
మొదటి డౌటు నాకు వదిలేయండి. రామచంద్రపురంలో కాలేజీ పిల్లలకి చాలాకాలం చెప్పిన పాఠమే.

తుపానుకి కావలసింది వేడి సముద్రం. పైనీరు 26.5 డిగ్రీలు దాటి ఉండాలి. ఆ వేడి పైపైన ఉంటే చాలదు, సుమారు 50 మీటర్ల లోతు దాకా ఉండాలి. లేదంటే గాలి సముద్రాన్ని చిలికేసరికి అడుగునున్న చల్లనీరు పైకొచ్చి తుపాను నీరసపడిపోతుంది. వేడినీరు ఆవిరై పైకి లేస్తుంది. పైకి పోయి చల్లబడి మబ్బుగా మారేటప్పుడు, ఆవిరయ్యేటప్పుడు తీసుకున్న వేడినంతా అక్కడ వదిలేస్తుంది. దాంతో అక్కడి గాలి తేలికై ఇంకా పైకి పోతుంది, కింద సముద్రం మీద పీడనం తగ్గుతుంది. చుట్టుపక్కల గాలి తేమను మోసుకుంటూ అక్కడికి పరిగెత్తుతుంది. ఆ తేమ మళ్ళీ పైకి, మళ్ళీ వేడి, మళ్ళీ పీడనం తగ్గడం. భూమి తిరుగుతోంది కాబట్టి వచ్చే గాలి తిన్నగా నడిమికి చేరదు, పక్కకి ఒరుగుతుంది. మన వైపు గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. భూమధ్యరేఖకి అయిదు డిగ్రీల లోపల ఈ మెలిక బలం చాలదు, అందుకని అక్కడ తుపాన్లు దాదాపు పుట్టవు.

ఇంకో షరతుంది. కింది గాలి, పై గాలి మరీ వేరువేరు దిక్కుల్లో, వేరువేరు వేగాల్లో వీచకూడదు. వీస్తే నిలువుగా పెరిగే మబ్బు నిలబడదు. జూలై, ఆగస్టుల్లో కింద నైరుతి గాలి, ఆకాశంలో పైన బలమైన తూర్పు గాలి. సముద్రం వేడిగానే ఉన్నా ఆ రోజుల్లో వాయుగుండాలు వస్తాయే కానీ పెద్ద తుపాన్లు అరుదు. మనకి మే నెల, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా భయం అందుకే.

ఇప్పుడు మెలిస్సా సంగతి. కరీబియన్ సముద్రంలో లోతు దాకా వేడినీరు. దాని మీద అది వారం రోజులు నత్తనడక నడిచింది. తాగినంత వేడి తాగింది. మొంథా వాయుగుండంగా మారింది అక్టోబరు 25న, 28కల్లా తీరం. బంగాళాఖాతం ఇరుకు. అండమాన్ దిక్కున పుట్టినదానికి మూడు నాలుగు రోజుల్లో ఏదో ఒక ఒడ్డు తగులుతుంది. నేల మీదకి రాగానే ఆవిరి అందదు, బలం తగ్గిపోతుంది.

లెక్క గురించి ఒక మాట. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు వేగం చెబుతుంది, అమెరికా వాళ్ళు ఒక నిమిషం సగటు. ఒకే తుపానుకి వాళ్ళ అంకె కొంచెం పెద్దదిగా కనిపిస్తుంది. అయినా ఇక్కడ తేడా అది కాదు. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం మూడింతలయితే తోపు తొమ్మిదింతలు. మన పేర్లలో 31 దాటితే వాయుగుండం, 62 దగ్గర తుపాను, 89 దగ్గర తీవ్ర తుపాను, 118 దగ్గర అతి తీవ్ర తుపాను. మొంథా "తీవ్ర" దగ్గర ఆగింది. జమైకా జనం పడ్డ బాధతో మన బాధని పోల్చకండి, గాలి విషయంలో మనం అదృష్టవంతులం.

టెక్సాస్_తెలుగోడు:
మాస్టారి పోస్టుకి దండం. రెండో డౌటుకి నా వంతు. పుట్టింది ముమ్మిడివరం, ఉండేది హ్యూస్టన్ దగ్గర.

2017 ఆగస్టులో హార్వీ వచ్చింది. తీరం దాటింది రాక్‌పోర్ట్ దగ్గర, కేటగిరీ ఫోర్ (అమెరికా వాళ్ళ గాలి కొలతలో అయిదే పెద్దది). హ్యూస్టన్‌కి అది చాలా దూరం. ఇక్కడ గాలి పెద్దగా లేదు. కానీ బలం తగ్గాక అది కదలకుండా కూర్చుంది. రోజుల తరబడి వాన. టెక్సాస్‌లో ఒకచోట 1,500 మిల్లీమీటర్లు దాటి పడింది. టీవీలో "బలహీనపడింది" అని చెబుతుండగానే కార్లు తేలిపోయాయి.

2005లో కత్రినా కూడా అంతే. సముద్రంలో ఉండగా కేటగిరీ ఫైవ్, తీరం దాటేసరికి కేటగిరీ త్రీ. అయినా ఉప్పెనకి న్యూ ఆర్లీన్స్ గట్లు తెగి ఊరు దాదాపు 80 శాతం మునిగింది. అది మిసిసిపీ డెల్టా. చుట్టూ గట్టు, లోపల పల్లపు నేల, వచ్చిన నీరు తనంతట తాను పోదు. ఆ మ్యాపు చూస్తుంటే నాకు మన లంకలే గుర్తొచ్చాయి. కేటగిరీ అంకె గాలికి మాత్రమే. వాన ఎంత పడుతుందో, ఉప్పెన ఎంత వస్తుందో ఆ అంకె చెప్పదు.

రాజోలు_అబ్బాయి:
అదే నాకు అర్థం కానిది. టీవీలో పొద్దస్తమానం గాలి వేగమే చూపిస్తారు. మా మండలంలో పెంకుటిళ్ళ మీద పెంకులు లేచాయి, నిజమే. కానీ అసలు నష్టమంతా నీళ్ళదే.

భైరవపాలెం_బోటు:
ఆయ్, నాది మాట్లాడే అలవాటు, రాసే అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకోండి.

మా ఇంట్లో తుపానంటే 1996. నవంబరు 6 సాయంత్రం. కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. మా ఊరు, బలుసుతిప్ప, ఆ చుట్టుపక్కలంతా పోయింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆచూకీ దొరకనివాళ్ళు అంతకన్నా ఎక్కువ, అందులో ఎక్కువమంది వేటకెళ్ళినవాళ్ళే. అప్పుడు సెల్ ఫోన్లు లేవు. బోటులో రేడియో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఆ తుపాను విస్తీర్ణం చిన్నది, లోపల మాత్రం గట్టిది. అలాంటివాటితోనే ప్రమాదం, చాలా దగ్గరకొచ్చేదాకా పెద్ద సూచన ఉండదంటారు మావాళ్ళు.

మా పెద్దాయన ఇప్పటికీ టీవీ చూసి మొదట అడిగేది వేగం కాదు, "ఎక్కడ దాటుద్దట?" అని. మాకు దక్షిణాన దాటితే మేం బెదురుతాం. ఉత్తరాన, తుని దిక్కున దాటితే కొంచెం ఊపిరి పీల్చుకుంటాం. ఎందుకో మాస్టారు చెప్పాలి.

రిటైర్డ్_ఫిజిక్స్:
మీ పెద్దాయనకి పాఠం అక్కర్లేదు, ఆయన సరిగ్గా పట్టుకున్నారు.

మన తీరానికి తుపాను వాయవ్యంగా వస్తుందనుకోండి. గాలి గడియారానికి వ్యతిరేకంగా తిరుగుతోంది. అంటే అది వెళ్ళే దారికి కుడివైపు గాలి సముద్రం మీంచి నేల మీదకి కొడుతుంది, దానికి తుపాను నడక వేగం కూడా తోడవుతుంది. ఎడమవైపు గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది. ఆ పక్క సముద్రం వెనక్కి జరిగినా జరగవచ్చు. కాబట్టి నరసాపురం దగ్గర దాటితే కుడివైపున్న కోనసీమ తీరానికి నీళ్ళు ఎక్కుతాయి. ఉత్తరాన దాటితే మీరు ఎడమవైపు పడతారు.

ఉప్పెన ఎలా వస్తుందంటే, పీడనం తగ్గినందువల్ల సముద్రం కొంచెం ఉబ్బుతుంది. ఒక మిల్లీబారుకి ఒక సెంటీమీటరు చొప్పున. ఇది చిన్న భాగం. పెద్ద భాగం గాలిది. లోతు సముద్రంలో గాలి తోసిన నీరు కిందికి దిగి పక్కకి పోతుంది. తీరం దగ్గర లోతు తక్కువ, కిందికి పోవడానికి చోటు లేదు, అందుకని ఊరి మీదకి ఎక్కుతుంది. అది పోటు సమయానికి తగిలిందా, రెండూ కలుస్తాయి. పాటు మీద, అంటే నీరు వెనక్కి తీసేటప్పుడు తగిలితే సగం గండం గట్టెక్కినట్టే. అమావాస్య, పౌర్ణములకి పోటు ఎక్కువ, మీకు నేను చెప్పాలా.

కాకినాడ_కాజా:
ఉప్పెన అంటే గుర్తొచ్చింది. మా పక్కనే కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి ఉప్పెన తుడిచిపెట్టేసింది, తర్వాత మళ్ళీ పాత వైభవం రాలేదు. ఇంటర్నెట్లో 1839 లెక్క మూడు లక్షల మంది అని తిరుగుతోంది. నేనైతే నమ్మను. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల అంత జనం ఎక్కడ?

రిటైర్డ్_ఫిజిక్స్:
నాకూ అనుమానమే. కానీ అంకె సంగతి ఎలా ఉన్నా, ఒక రేవు పట్నం పల్లెటూరైపోయింది, అది కళ్ళ ముందున్న సాక్ష్యం. లెక్కలు సరిగ్గా ఉన్నవాటి నుంచి నేర్చుకోవచ్చు. 1977 నవంబరు 19, కృష్ణా డెల్టాలోని దివిసీమ. సుమారు పదివేలమంది పోయారు, ఎక్కువగా ఉప్పెనకే. 2013లో ఫైలిన్ అంతకు తక్కువ తుపానేమీ కాదు. ఒడిశా, ఆంధ్రల్లో కలిపి సుమారు 10 లక్షలమందిని ముందే తరలించారు, చనిపోయినవాళ్ళు పదుల్లోనే ఉన్నారు. మధ్యలో ఉపగ్రహాలు వచ్చాయి, మచిలీపట్నంలో, విశాఖలో డాప్లర్ రాడార్లు వచ్చాయి, తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు.

దింపు_బాబాయ్:
ప్రాణాలు కాపాడుకోవడం నేర్చుకున్నాం సరే. తోటల్ని ఎవరు తరలిస్తారు?

నాది అంబాజీపేట పక్కన. గాలికి కొబ్బరి చెట్టు వంగుతుంది, లేస్తుంది, 100 కిలోమీటర్లు దానికి పెద్ద లెక్క కాదు. నేల నాని ఉండి, పైన గెలలు నిండుగా ఉంటేనే వేళ్ళతో లేచిపోతుంది. 96లో అలా లక్షల చెట్లు పోయాయి. చుట్టూ చూస్తే మొండాలే. మళ్ళీ మొక్క పెట్టి కాయ చూసేసరికి ఆరేడేళ్ళు.

పడిన చెట్టుని అందరూ లెక్క రాస్తారు. నిలబడ్డ చెట్టు చూడండి. గాలికి మొవ్వు, అంటే చెట్టు నడినెత్తి లేత చిగురు, మెలి తిరిగి ఉంటుంది. కింద నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. నెలా రెండు నెలలకి నడిమి ఆకు వాడుతుంది. ఎక్కి లాగితే సుతారంగా చేతికొచ్చేస్తుంది, మొదట్లో మెత్తగా కుళ్ళి భరించలేని కంపు. అప్పుడు ఎవరికి చెప్పుకుంటాం? లెక్కలు రాసుకున్నవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ముందే చూస్తే కుళ్ళినంత మేర కోసేసి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తే కొన్ని బతుకుతాయి.

ఇంకోటి. పడ్డ మొద్దుల్ని తోటలో వదిలేయకండి. కుళ్ళిన మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. గాలికి బతికిన చెట్టుని మర్నాటి ఏడాది పురుగు తినేస్తుంది. కోసి అమ్మేయండి, లేకపోతే కాల్చేయండి.

ఆలమూరు_కోడలు:
బాబాయ్ గారు చెప్పిందే వరికీ వర్తిస్తుంది. నష్టం ఒకరోజు వస్తుంది, కనబడేది ఇంకోరోజు.

అక్టోబరు ఆఖరుకి మా సార్వా (వానాకాలం పంట) చేలల్లో కొన్ని ఈనిక మీద, కొన్ని పాలు పోసుకుంటూ ఉంటాయి. వరి పువ్వు పొద్దున తొమ్మిది, పది మొదలుకొని మధ్యాహ్నం లోపల విచ్చుకుంటుంది. ఆ టైములో ముసురు పట్టి జల్లులు కొడుతుంటే పుప్పొడి కడుక్కుపోతుంది. చేను పచ్చగా నిలబడే ఉంటుంది. కంకి పట్టుకుని నొక్కితే మాత్రం గింజ డొల్ల. నష్టపరిహారానికి 33 శాతం దాటాలంటారు. పచ్చటి చేను చూసి 33 శాతం అని ఎవరు రాస్తారండీ? కోత మిషన్ దిగి తాలు ఎగిరినప్పుడు తెలుస్తుంది మాకు.

పడుకున్న చేను ఇంకో రకం. గింజ గట్టిపడ్డాక పడి నీళ్ళలో రెండు రోజులు నానితే మొలకలు వచ్చేస్తాయి. ఆ ధాన్యం రంగు మారిందని కొనరు, కొన్నా ధర తెగ్గోస్తారు. లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కలిపి కొడితే మొలక కొంత ఆగుతుంది. కోసిన పనలకీ ఇదే పద్ధతి.

అసలు బాధ మాత్రం నీళ్ళు దిగకపోవడం. వాన ఆగి మూడు రోజులైనా చేలో నీళ్ళు అలాగే ఉంటాయి. ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్లతో మురుగు కాలువలు ఇరుకైపోయి, తూడు, గుర్రపుడెక్క పట్టి, నీళ్ళు ఎటు పోతాయి?

వెనామీ_రైతు:
వచ్చేసింది! తుపానొచ్చినా, ధర పడినా చివరికి చెరువుల మీదకే. మేమేం హాయిగా ఉన్నామా? కరెంటు పోయింది, చెరువు నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. చెరువులో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్య తలలు పైకి పెట్టి గట్టు వారకి వచ్చేస్తుంది. ఆ తర్వాత గంటల్లో పని. జనరేటరుకి డీజిలు దొరక్క బైకు మీద క్యాన్లు మోశాం. దానికి తోడు పైనుంచి వాననీరు పడి ఉప్పదనం ఒక్కసారి తగ్గిపోయింది. అప్పు మాత్రం తగ్గలేదు. మాకు నష్టపరిహారం రాసినవాళ్ళే లేరు.

ఆలమూరు_కోడలు:
అన్నయ్యగారూ, మీ కష్టం కాదనలేదు. మురుగు కాలువ పోరంబోకులో గట్టు వేసినవాళ్ళ గురించి అన్నాను. మీరు వేయలేదంటే మీ గురించి కాదు.

వెనామీ_రైతు:
వేసినవాళ్ళున్నారు. ఒప్పుకుంటాను. కానీ కాలువ తవ్వకుండా వదిలేసింది మేం కాదు కదా.

నిర్వాహకుడు:
ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు కాబట్టి పోస్టులు ఉంచుతున్నాను. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు పెట్టి ఆరోపణలు మాత్రం వద్దు.

రిటైర్డ్_ఫిజిక్స్:
ఇద్దరి మాటా నిజమే, కానీ కథ ఇంకా కిందికి ఉంది. మన డ్రైన్లు చివరికి సముద్రంలోనో, నదీపాయలోనో కలవాలి. డెల్టా నేల ఎత్తు తీరం దగ్గర సముద్రమట్టం కన్నా కొంచెమే పైన. పాటు మీదే నీరు దిగుతుంది, పోటు మీద వెనక్కి తంతుంది. మామూలు రోజుల్లోనే ఇంత. తుపాను రోజుల్లో గాలి సముద్రాన్ని ఒడ్డుకి నొక్కి పెడుతుంది, పాటు కూడా సరిగ్గా రాదు. సరిగ్గా అప్పుడే పైన కుంభవృష్టి. దానికి తోడు మొగ దగ్గర, అంటే నీరు సముద్రంలో కలిసేచోట, ఇసుక మేట వేసి ఉంటే ఇక చెప్పేదేముంది. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగునీటి గోలా ఉంది. ఆ ఏడు తుపాను రాలేదు.

కాబట్టి, రాజోలు బాబూ, నీ రెండో డౌటుకి నా సమాధానం ఇదీ. గాలి వేగం తుపానుది. నీళ్ళు నిలవడం మాత్రం మన నేలదీ, మనం చేసుకున్నదీ. 60 కిలోమీటర్ల వాయుగుండం వచ్చినా మీ నాన్నగారి చేను మునుగుతుంది.

భైరవపాలెం_బోటు:
మడ అడవి మాట ఎవరూ ఎత్తలేదేంటి? కోరంగి మడలు, అటు హోప్ ఐలాండ్ ఉండబట్టే కాకినాడ వైపు అలల దెబ్బ తగ్గుతోంది. మా వైపు మడ దట్టంగా ఉన్నచోట బోట్లు లోపలి ఏట్లోకి తీసుకెళ్ళి చెట్లకే కట్టేస్తాం. గాలి పైనుంచి పోతుంది, అల మాత్రం లోపలికి వచ్చేసరికి చచ్చిపోతుంది. మడ కొట్టేసినచోట ఆ సదుపాయం లేదు.

టెక్సాస్_తెలుగోడు:
లూసియానాలో కూడా ఇదే గొడవ తమ్ముడూ. చిత్తడి నేలలు పోయినకొద్దీ ఉప్పెన ఊళ్ళకి దగ్గరవుతోందని అక్కడివాళ్ళు మొత్తుకుంటున్నారు. పైన ఆనకట్టలు కట్టాక నది ఒండ్రు తేవడం తగ్గింది, డెల్టా కుంగుతోంది, సముద్రం పెరుగుతోంది. గోదావరిదీ అదే వరస.

దింపు_బాబాయ్:
సముద్రం ఒడ్డుని కోసుకుపోతున్న మన ఉప్పాడ వెళ్ళి చూస్తే చాలు, లూసియానా దాకా ఎందుకు.

రాజోలు_అబ్బాయి:
చాలా థాంక్సండీ అందరికీ. ఇంకొక్కటి. మొంథా రాత్రి నాన్న షెల్టరుకి వెళ్ళలేదు. గాలి కాసేపు ఆగగానే టార్చి పట్టుకుని చేను చూడ్డానికి బయల్దేరారట. అమ్మ తిట్టి ఆపింది. అది ప్రమాదమేనా?

రిటైర్డ్_ఫిజిక్స్:
అమ్మగారికి నా నమస్కారం చెప్పు. మొంథా సంగతి అటుంచి, బలమైన తుపాను కన్ను ఊరి మీదకొస్తే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒక్కోసారి చుక్కలు కూడా కనిపిస్తాయి. జనం అయిపోయిందనుకుని బయటికొస్తారు. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. మొదటి గాలికి ఒక పక్కకి ఒరిగిన చెట్లు, స్తంభాలు రెండో గాలికి పడతాయి. 2014లో హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగా వెళ్ళినప్పుడు ఊరంతా ఇది చూసింది. రేడియోలో తీరం దాటడం పూర్తయిందని చెప్పేదాకా గడప దాటొద్దు. తెగిన కరెంటు తీగ నీళ్ళలో ఉంటే టార్చికి కనబడదు.

రాజోలు_అబ్బాయి:
చెబుతాను మాస్టారూ. ఇప్పుడు నాన్న అడుగుతున్నది, పడ్డ చేను లేపి కట్టించాలా వద్దా అని. మూడెకరాలు. పాలు పోసుకునే దశ.

ఆలమూరు_కోడలు:
ముందు గట్టు గండి కొట్టి నీళ్ళు తీయించండి, అది ఇవాళే. పాలు మీదుంటే నాలుగేసి కుదుళ్ళు కలిపి కట్టిస్తే గింజ నిండుతుంది. కానీ ఇప్పటి కూలి రేటుకి మూడెకరాలూ గిట్టదు. నీళ్ళు ఆలస్యంగా దిగే పల్లపు పక్క వరకు కట్టించమనండి, మెరక చేను కొంత తనే లేస్తుంది. నీళ్ళు దిగాక మొదళ్ళ దగ్గర పొడతెగులు, వరికి పట్టే దోమ చూసుకోవాలి. నాన్నగారిని సాయంత్రం ఆరు తర్వాత లైన్లోకి తీసుకురండి, మా మామగారు మాట్లాడతానంటున్నారు. ఆయనకి టైపింగు రాదు.